చేపల ట్రక్కు రాకపోతే వాగు ఖాళీ అయినట్టేనా?

ప్రశ్న: మేము పెన్సిల్వేనియాలో హారిస్‌బర్గ్ దగ్గర, మెకానిక్స్‌బర్గ్ ప్రాంతంలో ఉంటాం. మా అబ్బాయికి పన్నెండేళ్లు. పక్కింటి పెద్దాయన వాడికి గాలం వేయడం నేర్పారు. ఇంటి నుంచి సైకిల్ మీద వెళ్లగలిగే దూరంలో ఒక చిన్న వాగు ఉంది. ఏటా వసంతంలో ట్రక్కులో ట్రౌట్ చేపలు తెచ్చి అందులో వదిలేవారు. సీజన్ మొదలయ్యే రోజు ఒడ్డంతా పిల్లలతో నిండిపోయేది. ఈ ఏడు ట్రక్కు రాలేదు, ఇక రాదని అంటున్నారు. వాడి స్నేహితులు వాగు దగ్గరికి వెళ్లడం మానేశారు. మా వాడు గాలపు కర్రను గరాజ్‌లో ఒక మూల పడేసి ఫోను పట్టుకుని కూర్చుంటున్నాడు. "పిల్లల గురించి ఇప్పుడు ఎవరికీ పట్టదు" అని పక్కింటాయన కోపంగా ఉన్నారు. మేము సంతకాలు సేకరించి ఎవరికైనా పంపాలా? నలుగురు తల్లిదండ్రులం కలిసి ప్రైవేటు హేచరీలో, అంటే చేపలను పుట్టించి పెంచే కేంద్రంలో, చేపలు కొని వదిలితే సరిపోతుందా? నాకు చేపలు పట్టడం రాదు. కరీంనగర్ దగ్గర మా ఊళ్లో నాన్నగారు చెరువు గట్టు మీద గాలం వేస్తుంటే పక్కన కూర్చునేదాన్ని, అంతే. ఇండియా నుంచి వచ్చిన మా అత్తగారు మాత్రం "ఆట కోసం ప్రాణిని హింసించడం ఏమిటి, పోతే పోనివ్వు" అంటున్నారు. నేను ఏమి చేయాలి?
ఒక తల్లి

సమాధానం:

అమ్మా,

ఇంకేదైనా ఆట నేర్పిస్తే వాడే మరిచిపోతాడని మీరు అనుకోలేదు. అందుకు సంతోషం. అమెరికా శివారు ఊళ్లలో పన్నెండేళ్ల పిల్లవాడు పెద్దవాళ్ల కారు ఎక్కకుండా వెళ్లగలిగే చోట్లు చాలా తక్కువ. ఈతకు మీరు తీసుకెళ్లాలి, సాకర్‌కు మీరు తీసుకెళ్లాలి, స్నేహితుడి పుట్టినరోజుకు కూడా మీరే దింపి రావాలి. ఆ వాగు దగ్గరికి మాత్రం వాడు తనంతట తాను వెళ్లి తనంతట తాను తిరిగి వచ్చాడు. వాడికి పోయింది చేపలు మాత్రమే అయితే వేరే చోట చేపలు దొరుకుతాయి. పోయింది ఆ స్వేచ్ఛ, ఆ ఒడ్డు మీద కలిసే నలుగురు పిల్లలు. మీరు ఏమి చేసినా దీన్ని మనసులో పెట్టుకుని చేయండి.

ముందు ఈ చేపలు వదలడం ఎలా జరుగుతుందో చెబుతాను. ఎందుకంటే కరీంనగర్ చెరువు దగ్గర పెరిగిన మనకు వేరే పద్ధతి తెలుసు. తెలంగాణలో ప్రభుత్వం చెరువుల్లో వదిలేది చేప పిల్లలను. రవ్వ, బొచ్చె పిల్లలు నెలల తరబడి ఆ చెరువు నీళ్లలోనే తిని పెరిగి, ఆ తర్వాత వలకు వస్తాయి. పెన్సిల్వేనియాలో వసంతంలో వదిలే ట్రౌట్ అలాంటివి కావు. అవి హేచరీ తొట్లలో మేత తిని ఏడాదికి పైగా పెరిగిన పెద్ద చేపలు, సగటున పదకొండు అంగుళాలు ఉంటాయి. వదిలిన కొద్ది వారాల్లోనే గాలానికి రావాలన్న లెక్కతోనే వాటిని వదులుతారు. మిగిలినవాటిలో ఎక్కువ భాగం వేసవి దాటవు. ట్రౌట్ చల్లటి నీటి చేప. నీరు 20 డిగ్రీల సెల్సియస్ దాటితే దానికి ఇబ్బంది మొదలవుతుంది. వేడెక్కిన కొద్దీ నీటిలో ప్రాణవాయువు తగ్గిపోతుంది. జూలైలో నీడలేని చిన్న వాగు ఎలా ఉంటుందో మీ అబ్బాయిని అడగండి, వాడే చెబుతాడు.

రాష్ట్రంలో చేపల, పడవల వ్యవహారాలు చూసే పెన్సిల్వేనియా ఫిష్ అండ్ బోట్ కమిషన్ ఇటీవలి సంవత్సరాల్లో ఇలా ఏటా సుమారు 32 లక్షల పెద్ద ట్రౌట్‌ను వాగుల్లో, చెరువుల్లో వదులుతోంది. ఇవి కాక, స్థానిక క్లబ్బులు స్వచ్ఛందంగా నడిపే నర్సరీలు మరో పది లక్షల దాకా పెంచి వదులుతాయి. ఇంత పెద్ద పనికి రాష్ట్ర ప్రభుత్వ సాధారణ పన్నుల నుంచి డబ్బు రాదు. చేపలు పట్టేవారి లైసెన్సు రుసుములు, పడవల రిజిస్ట్రేషన్లు, గాలాలూ రీళ్ల మీద వేసే కేంద్ర పన్నులో వచ్చే వాటా, ఇవే ఆధారం. ఆ కేంద్ర పన్ను చట్టం 1950 నాటిది. రాష్ట్రాలకు పంచేటప్పుడు ఎక్కువ భాగం లైసెన్సు ఉన్నవారి సంఖ్యను బట్టి లెక్క కడతారు. అంటే లైసెన్సులు కొనేవారు తగ్గితే రెండు వైపులా ఆదాయం తగ్గుతుంది. మేత ధర, కరెంటు, ట్రక్కుల డీజిలు మాత్రం తగ్గవు.

పక్కింటి పెద్దాయన కోపం నాకు అర్థమవుతుంది, ఆయన మాటతో మాత్రం నేను ఏకీభవించను. ట్రక్కు ఎందుకు ఆగిందో తెలియకుండా ఎవరినీ నిందించకండి. మొదట, ఆ చేపలు ఎవరు వదిలేవారో కనుక్కోండి. రాష్ట్రమా, ఊళ్లోని క్లబ్బా? క్లబ్బు నర్సరీ అయితే కారణం చాలా మామూలుది కావచ్చు. పొద్దున్నే లేచి తొట్లకు మేత వేసే ముసలివాళ్లు అలిసిపోయి ఉంటారు, వాళ్ల తర్వాత ఆ పని అందుకునేవారు ఉండరు. అదే నిజమైతే మీకు సంతకాల కాగితం అవసరం లేదు, రెండు చేతులు చాలు. తల్లిదండ్రులు నలుగురూ వంతులు వేసుకుని వారానికి ఒక పూట మేత వేయడానికి వస్తామంటే వాళ్లు ఎంత సంతోషిస్తారో చెప్పలేను.

రాష్ట్రం వదిలేదైతే కారణాలు కొన్నే. ఒడ్డు మీద భూమి ఎవరిదో కనుక్కోండి. పెన్సిల్వేనియాలో చాలా వాగులు సొంత పొలాల మధ్య నుంచే పారతాయి. యజమాని "లోపలికి రావద్దు" అని బోర్డు పెడితే, జనం వెళ్లలేని చోట జనం డబ్బుతో చేపలు వదలరు. చెత్త పడేయడం, కంచెలు తొక్కడం, కార్లు దారికి అడ్డంగా పెట్టడం, ఇలాంటివి భరించలేకనే ఎక్కువ మంది బోర్డు పెడతారు. అలాంటి యజమాని దగ్గరికి ఒక తల్లీ కొడుకూ వెళ్లి, ఒడ్డు మీద చెత్త మేమే ఏరతాం అని అడిగితే వినే అవకాశం ఉంది. ఉచితంగా జనాన్ని రానిచ్చే యజమానులకు ప్రమాదాల విషయంలో రక్షణ ఇచ్చే రాష్ట్ర చట్టం 1966 నుంచి ఉంది. ఆ సంగతి వాళ్లలో చాలామందికి తెలియదు, మర్యాదగా చెప్పండి.

ఇంకో కారణం ఉంది. అది తెలిస్తే పక్కింటాయన కోపం సగం తగ్గవచ్చు. ఆ వాగులో అడవి ట్రౌట్ పెరుగుతూ ఉండవచ్చు. హేచరీలో పుట్టకుండా, ఆ వాగు గులకరాళ్ల మధ్యే గుడ్లలోంచి బయటికి వచ్చిన చేపలను ఇక్కడివాళ్లు అలా పిలుస్తారు. కమిషన్ జీవశాస్త్రవేత్తలు వాగును సర్వే చేసి, అలాంటివి బాగా ఉన్నాయని తేలితే దానికి 'క్లాస్ ఏ' హోదా ఇస్తారు. అలాంటి చోట హేచరీ చేపలను వదలకూడదన్నది 1980ల నుంచి వస్తున్న విధానం, కొద్దిపాటి మినహాయింపులు తప్ప. కారణం తేలికే. వందల కొద్దీ పెద్ద చేపలు ఒక్కసారిగా వచ్చి పడితే చోటు కోసం, తిండి కోసం పోటీ పెరుగుతుంది. వాటి వెంట జనం వస్తారు, ఒడ్డు నలుగుతుంది, అడవి చేపలు కూడా బుట్టల్లోకి పోతాయి.

దీనికి మీకు అరగంట దూరంలోనే గొప్ప ఉదాహరణ ఉంది. న్యూవిల్ దగ్గర బిగ్ స్ప్రింగ్ అనే ఊట వాగు ఒకప్పుడు బ్రూక్ ట్రౌట్‌కు పేరు మోసింది. ఊట మొదట్లోనే రాష్ట్ర హేచరీ కట్టారు. తొట్ల నుంచి వచ్చే మేత, మలం కలిసిన నీరు వాగులోకి చేరి అడవి చేపలు క్షీణించాయి. 2001లో ఆ హేచరీని మూసేశారు. ఆ తర్వాత కొన్నేళ్లలో ఎవరూ తెచ్చి వదలకుండానే అక్కడ బ్రూక్ ట్రౌట్ మళ్లీ పెరిగాయి. వసంతంలో ట్రక్కు తెచ్చే చేపల కోసం ఎదురుచూసే వాగుకూ, ఏడాది పొడవునా తన చేపలను తానే కనే వాగుకూ మధ్య తేడాను మీ అబ్బాయి అక్కడ కళ్లారా చూడవచ్చు. వాడిని అక్కడికి తీసుకెళ్లండి. గాలం లేకుండా ఊరికే నడవండి.

పెద్ద ఉదాహరణ కావాలంటే మోంటానా ఉంది. మేడిసన్ నది మీద చేసిన పరిశోధనలో, హేచరీ చేపలు వదలడం ఆపిన భాగంలో అడవి చేపలు పెరిగాయని తేలింది. 1974లో ఆ రాష్ట్రం అడవి ట్రౌట్ ఉన్న నదుల్లో చేపలు వదలడం మానేసింది. అప్పట్లో అక్కడి దుకాణాల వాళ్లు, గైడ్లు తమ బతుకు పోయిందని గగ్గోలు పెట్టారు. ఈ రోజు ప్రపంచం నలుమూలల నుంచి జనం ఆ నదులకు వెళ్లేది ఆ అడవి చేపల కోసమే.

అయితే ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. మోంటానా కథ చెప్పి మెకానిక్స్‌బర్గ్ పిల్లవాడిని ఊరుకోబెట్టడం నాకు ఇష్టం లేదు. మోంటానాలో ఉన్నంత చల్లటి నీరు, ఖాళీ జాగా ఇక్కడ లేవు. పార్కింగ్ స్థలాల మీద పడిన వాననీరు వేడిగా వచ్చి కలిసే వాగుల్లో, ఒడ్డున చెట్లు కొట్టేసిన వాగుల్లో, ఏ ట్రౌటూ తనంతట తాను బతకదు. అలాంటి వాగులో ఏప్రిల్‌లో కొన్ని చేపలు వదలడం వల్ల ప్రకృతికి జరిగే నష్టం చాలా తక్కువ, పిల్లలకు జరిగే మేలు చాలా ఎక్కువ. నన్ను అడిగితే, హేచరీ చేపలకు ఇంతకంటే మంచి ఉపయోగం లేదు. చేపలు తక్కువైనప్పుడు కారులో గంట ప్రయాణించగల పెద్దవాళ్ల నదుల్లో కోత పెట్టాలి గానీ, సైకిల్ మీద వచ్చే పిల్లల వాగుల్లో పెట్టకూడదు. చిన్న వాగుకు వచ్చేవారు తక్కువని లెక్క కట్టి, చేపలు వదిలే వాగుల జాబితాలోంచి తీసేయడం కాగితం మీద సబబుగానే కనిపిస్తుంది. కానీ ఆ తక్కువ మందిలో ఎంతమంది పదిహేనేళ్ల లోపు వారు, ఎంతమంది నడిచి వచ్చినవారు అని కూడా లెక్క కట్టాలి. పదహారేళ్లు నిండేదాకా ఇక్కడ పిల్లలకు లైసెన్సు అక్కర్లేదు, అందుకే లైసెన్సుల లెక్కలో వాళ్లు కనిపించరు. కనిపించనివాళ్ల పక్షాన ఎవరో ఒకరు మాట్లాడాలి. మీరు రాయాల్సిన ఉత్తరం ఇదే, దాని సంగతి చివర్లో చెబుతాను.

ప్రైవేటు హేచరీలో కొని మీరే వదలడం మాత్రం వద్దు. మంచి మనసుతో చేసే పనే, ఒప్పుకుంటాను. కానీ చేపతో పాటు దాని రోగాలు కూడా వస్తాయి. పిల్ల ట్రౌట్ మృదులాస్థిని దెబ్బతీసి, అది తన తోక చుట్టూ తాను తిరిగేలా చేసే ఒక పరాన్నజీవి ఐరోపా నుంచి అమెరికాకు వచ్చింది. 1950లలో దాన్ని ఈ దేశంలో మొదట గుర్తించింది పెన్సిల్వేనియాలోనే. అదే జబ్బు 1990లలో మేడిసన్ నదిలో రెయిన్‌బో ట్రౌట్‌ను ఘోరంగా దెబ్బతీసింది. మొప్పలకు పట్టే పరాన్నజీవులు వేరే ఉన్నాయి. మీ వాగు అడవి ట్రౌట్ ఉన్నందువల్లే జాబితాలోంచి పోయి ఉంటే, మీరు వదిలే చేపలు ఆ అడవి చేపలకే ముప్పు. ప్రజల నీళ్లలో చేపలు వదలడానికి నియమాలున్నాయి. అంతగా వదలాలనుకుంటే కమిషన్‌ను అడిగి, వాళ్లు చెప్పిన చోట, వాళ్లు చెప్పిన జాతినే వదలండి.

ఇక మీ అబ్బాయితో ఇప్పుడు చేయగలిగిన పనులు. ఒక థర్మామీటర్ కొనివ్వండి. చాలా చవక. దానికి దారం కట్టి, ఈ వేసవి అంతా వాగులో మూడు నాలుగు చోట్ల మధ్యాహ్నం పూట నీటి వేడి కొలిచి ఒక నోటుపుస్తకంలో రాయమనండి. ఎక్కడ ఊట చేరుతోందో, ఎక్కడ చెట్ల నీడ ఉందో వాడికే తెలిసిపోతుంది. జూలై చివరి మధ్యాహ్నాల్లో కూడా ఒక మలుపులో నీరు 18 డిగ్రీల దగ్గరే నిలిస్తే, ఆ వాగులో ట్రౌట్ బతకగలదన్నమాట. మీది సున్నపురాయి నేల. అక్కడి పెద్ద ఊటల్లో నీరు ఏడాది పొడవునా పదకొండు డిగ్రీల చుట్టుపక్కలే ఉంటుంది. కాబట్టి ఆశ పెట్టుకోవడానికి కారణం ఉంది.

నీటిలోని రాళ్లు తిప్పి చూడమనండి. అడుగున పాకే మేఫ్లై పిల్ల పురుగులు, ఇసుక రేణువులతో గొట్టం కట్టుకుని అందులో దాక్కునే కేడిస్ పురుగులు కనిపిస్తే నీరు బాగున్నట్టే. చూసిన రాయిని మళ్లీ అలాగే పెట్టాలి. అక్టోబరు, నవంబరు నెలల్లో ఒడ్డు మీద నుంచే, నీళ్లలోకి దిగకుండా, లోతు తక్కువ గులకరాళ్ల చోట్లను గమనించమనండి. బ్రూక్, బ్రౌన్ ట్రౌట్ గుడ్లు పెట్టేది అప్పుడే. తోకతో రాళ్లు తోసి శుభ్రం చేసిన లేత రంగు గుంటలు కనిపిస్తే అది పెద్ద వార్త. ఆ గుంటల మీద ఎవరూ కాలు పెట్టకూడదు.

ట్రౌట్ లేకపోయినా ఆ వాగు ఖాళీగా ఉండదు. క్రీక్ చబ్, సన్‌ఫిష్ లాంటి చిన్న చేపలు వానపాము ఎరకు చకచకా వస్తాయి. ఇక్కడ కొందరు పెద్దవాళ్లు వాటిని లెక్కలోకి తీసుకోరు. ఆ చిన్నచూపును పిల్లలు వాళ్ల దగ్గరే నేర్చుకుంటారు. మీ నాన్నగారు గట్టు మీద కూర్చున్నప్పుడు కొర్రమీను వస్తేనే గాలం వేస్తానని అనుకుని ఉండరు. బెండు మునిగిందంటే ఏది వచ్చినా ఆనందమే. ఆ సంగతి మీ అబ్బాయికి చెప్పవలసిన మనిషి మీరే. మీకు చేపలు పట్టడం రాదని రాశారు. కదలకుండా కూర్చోవడం, బెండు మీద కళ్లు పెట్టడం, నీడ నీటి మీద పడకుండా చూసుకోవడం మీ నాన్నగారి పక్కన మీరు నేర్చుకునే ఉంటారు. మిగతావి వారంలో వచ్చేస్తాయి.

ఏటా మే నెలాఖరున మెమోరియల్ డే ముందటి ఆదివారం, జూలై 4, ఈ రెండు రోజులూ పెన్సిల్వేనియాలో లైసెన్సు లేకుండా ఎవరైనా చేపలు పట్టవచ్చు. ఆ రోజుల్లో మీరూ గాలం వేసి చూడండి. కర్ర కొనే పని లేదు, కొన్ని స్టేట్ పార్కుల్లో, గ్రంథాలయాల్లో గాలాలు, రీళ్లు అరువిస్తారు. నచ్చితే మీ పేరున లైసెన్సు, ట్రౌట్ పర్మిట్ తీసుకోండి. దానికి కారణం ఉంది. ట్రౌట్ సీజన్ ఏప్రిల్ మొదటి శనివారం మొదలవుతుంది. దానికి ముందటి శనివారం పిల్లల కోసమే కేటాయించిన రోజు. ఆ రోజు పదహారేళ్ల లోపు పిల్లలు పర్మిట్ తీసుకుని, లైసెన్సూ ట్రౌట్ పర్మిటూ ఉన్న పెద్దవాళ్లతో కలిసి వెళ్లాలి. రెండు చేపల దాకా ఉంచుకోవచ్చు, ఒక్కోటి ఏడు అంగుళాలకు తగ్గకూడదు. మీ అబ్బాయికి కావాలంటే పిల్లల స్వచ్ఛంద లైసెన్సు కూడా ఉంది, చాలా తక్కువ ధర. అది కొంటే వాడు లెక్కలోకి వస్తాడు.

వాగు సంగతి తేలేలోపు మిగిలిన పిల్లలను కూడగట్టడానికి బాయిలింగ్ స్ప్రింగ్స్‌లోని చిల్డ్రన్స్ లేక్ మంచి చోటు. ఊట నీటితో నిండిన చిన్న చెరువు అది, ట్రౌట్ వదులుతారు, నీళ్లు ఎంత తేటగా ఉంటాయంటే గాలం వైపు వచ్చే చేప కనిపిస్తుంది. దాని నుంచి పారే కాలువ ఎల్లో బ్రీచెస్ వాగులో కలుస్తుంది. ఆ వాగులో కొంత దూరం పట్టిన చేపను వదిలేయాల్సిందే, కృత్రిమ ఎరలే వాడాలి, బోర్డులు చదివి వెళ్లండి. కార్లైల్‌లో పారే లెటార్ట్ కూడా చూపించండి. అక్కడి బ్రౌన్ ట్రౌట్ అడవివి, చాలా తెలివైనవి, పెద్ద పెద్ద నిపుణులను కూడా వట్టి చేతులతో పంపుతాయి. అందువల్ల పిల్లవాడు మొదటిసారి అక్కడ గాలం వేయకుండా చూసి రావడం మంచిది.

ఏటా శీతాకాలంలో చేపలు వదిలే తేదీల పట్టిక వస్తుంది. కౌంటీల వారీగా, ట్రక్కు ఎక్కడ ఆగుతుందో, ఎన్ని గంటలకో కూడా ఉంటుంది. చాలామందికి తెలియని సంగతి ఏమిటంటే, ట్రక్కు నుంచి ఒడ్డుకు బకెట్లు మోయడానికి ఎవరైనా వెళ్లవచ్చు. పిల్లలను తీసుకుని వెళ్లండి. బకెట్‌లో తుళ్లే బంగారు రంగు రెయిన్‌బో ట్రౌట్‌ను ఒక్కసారి మోసిన పిల్లవాడు ఆ వారమంతా ఇంకో మాట మాట్లాడడు. ట్రక్కు నడిపేవాళ్లు, అక్కడికి వచ్చే అధికారులు వీలైనంత వరకు అడిగినదానికి జవాబు చెబుతారు. మీ వాగు సంగతి అడగడానికి కూడా అదే సరైన చోటు. బడిలో ఆరో తరగతో ఏడో తరగతో చెప్పే సైన్సు ఉపాధ్యాయులకు, తరగతి గదిలో చల్లటి నీటి తొట్టె పెట్టి ట్రౌట్ గుడ్ల నుంచి పిల్లలను పెంచే కార్యక్రమం గురించి చెప్పండి. కమిషన్, ట్రౌట్ బతికే నీళ్లను కాపాడే ట్రౌట్ అన్‌లిమిటెడ్ సంస్థ రాష్ట్ర విభాగం కలిసి దాన్ని నడుపుతాయి. శరదృతువులో గుడ్లు వస్తాయి, వసంతంలో పిల్లలే తీసుకెళ్లి అనుమతి ఉన్న వాగులో వదులుతారు. కొని వదలాలన్న మీ కోరిక ఆ దారిలో తీరుతుంది.

మీ అత్తగారి మాటను పక్కన పెట్టకండి. ఆవిడ అడిగింది న్యాయమైన ప్రశ్న. ఆట కోసం మాత్రమే ప్రాణిని నొప్పించి వదిలేయడం సరైనదేనా అని ఇక్కడ పుట్టి పెరిగిన వేటగాళ్లు కూడా తమలో తాము వాదించుకుంటారు. నా అభిప్రాయం ఇది. హేచరీ చేపను పడితే, పరిమితి లోపల, ఇంటికి తెచ్చి వండుకోండి. అది తినడానికి పెంచిన చేపే, వేసవిలో ఎలాగూ బతకదు. ట్రౌట్‌లో రవ్వ, బొచ్చెల్లో ఉన్నంత ముళ్ల బాధ ఉండదు. మాంసం మెత్తన, పులుసులో వేస్తే చెదిరిపోతుంది, కారం పట్టించి పెనం మీద వేయించుకుంటేనే రుచి. రాష్ట్రంలోని నీళ్లలో పట్టిన చేపలను వారానికి ఒక పూట కంటే ఎక్కువ తినవద్దని రాష్ట్ర ప్రభుత్వ సలహా, అది పాటించండి. అడవి చేప వస్తే వదిలేయాలి. ముల్లు లేని కొక్కెం వాడాలి, చేతులు తడిపి పట్టుకోవాలి, వీలైతే నీళ్లలోంచి పైకి తీయకుండానే కొక్కెం విప్పాలి. నీరు 20 డిగ్రీలు దాటిన రోజున ట్రౌట్ కోసం గాలమే వేయకూడదు, ఎందుకంటే ఆ వేడిలో వదిలిన చేప బతకడం కష్టం. థర్మామీటర్ దీనికి కూడా పనికి వస్తుంది. మీ ఇంట్లో చేపలు తినకపోతే, వాడు కొక్కెం లేకుండా వాగును చదివే మనిషిగా ఎదిగినా నాకు సంతోషమే. ఈ నియమాలన్నీ వాడి చేతే నాయనమ్మకు చెప్పించండి. ఆవిడ ఒప్పుకోకపోవచ్చు, కానీ వాడు ప్రాణం విలువ తెలియకుండా పెరగడం లేదని ఆవిడకు అర్థమవుతుంది.

పక్కింటి పెద్దాయనను మాత్రం వదులుకోకండి. మీ అబ్బాయికి కర్ర చేతికిచ్చింది ఆయనే. ఆ వాగులో చేపలు ఎప్పటి నుంచి వదులుతున్నారో, అంతకు ముందు ఏమి ఉండేవో, ఏ మలుపులో చెట్లు పోయాయో ఆయనకు తెలిసినంత మరెవరికీ తెలియదు. ఒక సాయంత్రం టీకి పిలిచి, ఆయన చెప్పేదంతా మీ అబ్బాయి చేత రాయించండి. కోపంతో ఉన్న మనిషికి పని దొరికితే కోపం పనిలోకి పోతుంది. ఒడ్డున చెట్లు నాటే పని ఏదైనా మొదలుపెడితే ఆయన్ను ముందు పెట్టండి.

చివరిగా ఉత్తరం సంగతి. నాలుగు వందల సంతకాల కాగితం కంటే ఒక పిల్లవాడు చేతిరాతతో రాసిన రెండు పేజీలు ఎక్కువ పని చేస్తాయని నా నమ్మకం. కమిషన్ సమావేశాలు ఏడాదిలో కొన్నిసార్లు జరుగుతాయి, ప్రజలు మాట్లాడే వీలు ఉంటుంది. కమిషనర్లకు నేరుగా రాయవచ్చు, మీ ప్రాంతపు మత్స్య జీవశాస్త్రవేత్తకు కూడా ఒక ప్రతి పంపండి. "మా చేపలు మాకు ఇవ్వండి" అని రాయనివ్వకండి. వాగు పేరు, ఏ వంతెన నుంచి ఏ వంతెన దాకా, వేసవి అంతా కొలిచిన వేడి అంకెలు, సైకిల్ మీదా నడిచీ వచ్చే పిల్లలు ఎంతమంది, ఒడ్డు భూమి ఎవరిది, వాళ్లు ఒప్పుకున్నారా, ఇవన్నీ ఉండాలి. ఆ తర్వాత మూడు ప్రశ్నలు అడగమనండి: ఈ వాగును జాబితా నుంచి ఎందుకు తీశారు? చివరిసారి ఎప్పుడు సర్వే చేశారు? అడవి ట్రౌట్ లేకపోతే, పిల్లల రోజుకైనా కొన్ని చేపలు వదలగలరా? జవాబు వచ్చేలోపు వాడి నోటుపుస్తకంలో శరదృతువు అంకెలు కూడా చేరతాయి. సెప్టెంబరులో పంపండి, వచ్చే ఏడాది పట్టిక తయారయ్యే లోపు వాళ్ల బల్ల మీద ఉండాలి.